మిర్కాబ్ గోడ మీద బాయిస్ పట్నం

2023 చలికాలం. కువైట్ సిటీలోని మిర్కాబ్‌లో, ఒక పాత బిల్డింగ్ కింది అంతస్తులో ఫిలిప్పీన్ హోటల్ తెరవబోతున్నారు. అందులో ఒక గోడకు టైల్స్ వేసే పని మాకు వచ్చింది. నా పేరు రాజేశం, టైల్స్ మేస్త్రిని. మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర పల్లె. మా కఫీల్‌ది, అంటే మా వీసాకు పూచీగా ఉన్న యజమానిది, చిన్న ఫినిషింగ్ కంపెనీ. ఎక్కడ గోడ ఉంటే అక్కడికి మమ్మల్ని పంపిస్తాడు. పొద్దున మంగఫ్‌లోని మా రూము నుంచి బస్సెక్కి వస్తాం, పొద్దుగూకే వేళకు మళ్లీ బస్సెక్కి పోతాం.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతమే నాకు ఇన్నాళ్లూ అన్నం పెట్టింది. రూములో నా సబ్బు ఒక రవ్వ అరిగినా ఎవరు వాడారో కనిపెడతానని అందరూ నన్ను సీఐడీ అని పిలుస్తారు. పిలవనీ. గోడలు అబద్ధాలాడతాయి. చూపుకు నున్నగా ఉన్న గోడ లెవెల్ పెడితే కడుపుతో ఉన్నట్టు తేలుతుంది. టైల్ వెనుక అడ్హెసివ్, అంటే అంటించే సిమెంటు జిగురు, నిండుగా పట్టిందో లేదో కంటికి తెలియదు. తాపీ పిడితో మెల్లగా కొట్టి వినాలి. నిండుగా ఉంటే గట్టి చప్పుడు వస్తుంది, లోపల గాలి మిగిలితే డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల టైల్ ఇవాళ కాకపోతే రేపు రాలుతుంది. అందుకే ప్రతి టైల్‌నూ అనుమానించడం నా ఉద్యోగం. మనుషులను అనుమానించడం నాకు దాంతోపాటు వచ్చిన కొసరు.

ఆ హోటల్ నడపబోయేది లోర్నా అనే ఆమె. చాలా ఏళ్లు ఒక కువైటీ ఇంట్లో వంట చేసింది. ఆమె వంట మీద నమ్మకంతో ఆ ఇంటి యజమానురాలు, ఆమె మామా అని పిలిచే పెద్దావిడ, లైసెన్సు తన పేరు మీద తీసి ఈ హోటల్ పెట్టిస్తోంది. లోర్నా అరబ్బీ, ఇంగ్లీషు, కొంచెం హిందీ కలిపి మాట్లాడుతుంది. నేనూ అంతే. ఇద్దరం ఎలాగో కలబోసుకున్న ఆ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నన్ను కుయా అనేది, వాళ్ల భాషలో అన్న అని. నేను సిస్టర్ అనేవాణ్ని.

గోడ మీద వేయాల్సింది మామూలు టైల్స్ కాదు. ఆమె ఊరి బొమ్మ. ఊరి పేరు బాయిస్, ఫిలిప్పీన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పట్నం. పేరుకే సిటీ, మా కోరుట్ల లాంటిదేనని చెప్పింది. ఆ ఊళ్లో బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన ముసలాయన ఒక్కో టైల్ మీద చేత్తో రంగులు వేసి బట్టీలో కాల్పించాడు. సెలవు మీద ఊరికి వెళ్లివచ్చిన వాళ్లు తలా కొన్ని సూట్‌కేసుల్లో పెట్టుకుని తెచ్చారు. టీషర్టుల్లో చుట్టి, ఎండుచేపల పొట్లాల మధ్య.

అది వినగానే నా చెవులు నిక్కాయి. ఇక్కడి షువైఖ్ బజారులో ఏ షాపులో అడిగినా ఫొటో ఇస్తే టైల్ మీద ప్రింటు కొట్టి ఇస్తారు. దాన్ని వదిలి సముద్రాలు దాటించి, మనిషికిన్ని చొప్పున విడివిడిగా మోయించడం ఎందుకు? ఇక్కడ మా వాళ్లకు ఒక పాఠం బాగా వంటబట్టింది: ఎంత దగ్గరివాడు ఇచ్చినా పక్కోడి సంచి మోయొద్దు. ఇక్కడ మత్తుమందు కింద లెక్కకట్టే గసగసాలను కూరలోకని తెచ్చుకుని ఎయిర్‌పోర్టులోనే చిక్కుకున్నవాళ్ల కథలు ప్రతి రూములోనూ ఉన్నాయి. పైగా ఆ టైల్స్ కొన్ని మందం, కొన్ని పలుచన. ఒకటి రెండింటిని గోటితో గీకి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి కూడా చూశాను.

లోర్నా నా చేతిలోంచి టైల్ లాక్కుంది. "ఏం వెతుకుతున్నావు కుయా?"

"మందం చూస్తున్న సిస్టర్. లెవెల్ కలవాలె కదా."

"మందం చెవితో చూస్తారా?"

నేను ఆమెను అనుమానిస్తుంటే ఆమె నన్ను అనుమానిస్తోందని అప్పుడే అర్థమైంది. పెట్టెలు తానే విప్పింది. ఒక్కో టైల్‌నూ తానే అందించింది. ఒకటి పగిలినా మరొకటి రాదు, ఆ మాస్టారికి చేతులు వణుకుతున్నాయి, ఇక రంగులు వేయలేడు అని మాకు పదేపదే చెప్పింది.

నాతోపాటు పనిచేసేవాడు ఓబులేసు. రాయచోటి దగ్గర పల్లె వాడిది. నాకంటే కొంచెం చిన్న. జిగురు కలపడం, టైల్ వెనుక పూయడం, చివరికి సందుల్లో గ్రౌట్ నింపడం వాడి పని. కలపడంలో వాడిని మించినవాడు లేడు. భక్తి మాత్రం కాస్త ఎక్కువ. ఏ గోడ మొదలుపెట్టినా దండం పెట్టుకుంటాడు. మనసులో పెట్టుకో, గోడ ముందు నిలబడి వద్దు, ఇది మన ఊరు కాదు అని నేను ఎన్నోసార్లు చెప్పాను.

గోడకు ఎక్కించే ముందు బొమ్మ మొత్తాన్ని నేల మీద పరిచి చూసుకోవాలి. దీన్ని డ్రై లే అంటాం. టైల్స్ అన్నీ సర్దేసరికి ఆ ఖాళీ షాపు నేల మీద ఒక ఊరు లేచింది. పైన సముద్రం, అందులో గుంపుగా ఎగురుతున్న డాల్ఫిన్లు. ఒక పక్క నీళ్లలో వేళ్లూనిన మడచెట్లు, వాటి మధ్య వెదురు నడకదారి. నడుమ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, దాని ముందు చెరుకు లారీల వరుస. కింద ఎడమ మూల టైల్ మీద చిన్న పడవ, దాని కింద ఊరి పేరు, మాస్టారి సంతకం.

చెరుకు లారీలను చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. మా దిక్కు చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాకే మా చెరుకు తోట పోయింది, నేను ఇటు వచ్చాను. ఎవరి ఊరో తెలియని ఆ బొమ్మ ముందు కాసేపు మేస్త్రితనం మరిచిపోయి నిలబడ్డాను. ఓబులేసు వంగి చూసి, "ఇంత నీళ్లు పెట్టుకొని వీళ్లు గూడా ఈ ఎడారికి వచ్చిరే న్నా" అన్నాడు.

మూల టైల్‌తో మొదలుపెట్టి సాయంత్రానికి సగం గోడ ఎక్కించాం. ఒక్కో టైల్‌నూ తాపీ పిడితో కొట్టి విన్నాను. అన్నీ నిండుగా పలికాయి. టైల్‌కూ టైల్‌కూ మధ్య సందు సమంగా ఉండడానికి స్పేసర్లు పెట్టాం. ఇవి కూడిక గుర్తులా ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు. మేము బయల్దేరేటప్పుడు లోర్నా అల్లం టీ ఇచ్చి, "గుడ్ వర్క్ కుయా" అంది. తలుపుకు తాళం వేసుకోవడానికి తాను ఆగింది.

మర్నాడు పొద్దున మేము వెళ్లేసరికి ఆమె ముఖం మాడిపోయి ఉంది. టీ లేదు, పలకరింపు లేదు. తలుపు తీసి వంటింటి పక్కకు జరిగి నిలబడి, మా చేతుల వైపే చూస్తోంది. తప్పు చేసినవాళ్ల చూపు అలాగే ఉంటుందని నేను అనుకున్నాను.

అలవాటుగా తాపీ తిరగేసి కింది వరుస మీద కొట్టుకుంటూ వెళ్లాను. మూల టైల్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. డొల్ల. మళ్లీ కొట్టాను. డొల్లే. నిన్న సాయంత్రం నిండుగా పలికిన టైల్ అది. వంగి చూస్తే స్పేసర్ అడ్డంగా పడి ఉంది. అంచున కొత్తగా పొంగిన జిగురును ఎవరో వేలితో తుడిచిన గుర్తు. మేము పోయాక, జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే, ఎవరో ఆ టైల్ తీసి మళ్లీ అతికించారు.

టైల్‌ను ఊరికే ఎవరూ తీయరు. వెనుక ఏదైనా పెట్టడానికే తీస్తారు. సూట్‌కేసులు, ఎండుచేపలు, లాక్కున్న టైల్, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆ గోడలో రేపు ఏది దొరికినా మొదట అడిగేది గోడ ఎవరు కట్టారనే. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, చేతిలో ఉన్నంతవరకే మేము మనుషులం. అది రద్దయితే ఉన్నపళంగా విమానం ఎక్కిస్తారు, అదీ జైలు దాటి బయటపడితే. ఓబులేసు కూతురు అప్పుడే నర్సింగులో చేరింది. నా ఇంటి కప్పు ఇంకా సగంలో ఉంది.

ఓబులేసును బయటికి పిలిచాను. "నిన్న పొద్దుగూకంగ నువ్వు మల్ల లోపలికి పోయినవా? మూల టైల్ తీసినవా? నిజం చెప్పు."

"నేనెందుకు తీచ్చా న్నా? అంటించిన టైలు తీసే పాపం నాకెందుకు?"

"మరెవలు తీసిండ్రు?"

"నాకు తెల్దు. నీ కాడ యా పొద్దన్నా అబద్ధం చెప్పినానా? ఇన్నేండ్లు ఒక కంచంలో తిని, ఇప్పుడు నా మింద అనుమానమా?" వాడి ముఖంలో ఇంకేదో ఉంది. నేను అడిగిన ప్రశ్నకు వాడు నిజమే చెప్పాడు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నాకు అప్పుడు తెలియదు.

లోపలికి వచ్చి, టైల్ కిందికి సన్న రేకు దూర్చబోయాను. లోర్నా పరుగున వచ్చి గోడకు అడ్డంగా నిలబడింది.

"దాన్ని ముట్టుకోవద్దు."

"డొల్లగ ఉన్నది సిస్టర్. పడిపోతది. ఊరి పేరున్న టైల్ అది."

"పడితే పడనీ. ముట్టుకోవద్దు."

నిన్నటిదాకా ఒక్క టైల్ పగిలితే ప్రాణం పోయేలా ఉన్న మనిషి ఈ మాట అంటోంది. ఇక దాచుకునే ఓపిక నాకు లేకపోయింది. "ఎనుక ఏం పెట్టినవ్? నువ్వు చెప్తవా, నన్ను మా కఫీల్‌కు ఫోన్ చెయ్యమంటవా?"

ఆమె నన్నూ ఓబులేసునూ మార్చి మార్చి చూసింది. "నన్ను అడుగుతున్నావా? మీరు ఏం పెట్టారో ముందు మీరు చెప్పండి" అని ఏడుస్తూ అరిచింది.

నాకేమీ అర్థం కాలేదు. ఓబులేసు మాత్రం తల దించుకున్నాడు.

ఆమె చెప్పింది. వాళ్ల ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో నాణేలు వేస్తారు, ఇంట్లో లోటు రాకుండా. ఆ ఊరి బొమ్మ కింద ఆ ఊరి నాణేలు ఉండాలని ఆమె ఆశ. మాకు చెబితే మామా చెవిన పడుతుందని భయపడింది. ఒకసారి మామా ఇంట్లో ఒక పనిమనిషి పరుపు కింద ముడివేసిన దారం దొరికింది. సిహర్ అన్నారు, అంటే చేతబడి. ఎందుకు కట్టావని కూడా అడగకుండా ఆ పనిమనిషిని వారం తిరక్కుండా వాళ్ల దేశం పంపించేశారు. ఈ దేశంలో ఆ మాట పడితే ఎంత దూరం పోతుందో మాకూ తెలుసు. అందుకే మేము వెళ్లాక అట్లకాడతో మూల టైల్ ఊడదీసింది. చూస్తే లోపల, జిగురులో అదిమి, పచ్చగా ఏదో పూసిన నాణెం ఒకటి ముందే ఉంది.

"రాత్రంతా నిద్రలేదు. నా హోటల్ మీద మీరేదో చేశారనుకున్నాను. తీసి పారేస్తే నాకేమవుతుందో అని భయం వేసింది. నా నాణేలు దాని పక్కనే పెట్టి మూసేశాను."

నేను ఓబులేసు వైపు తిరిగాను.

"పసుపు రాసిన రూపాయి బిళ్ల న్నా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "మొదటి టైలు కింద పెట్న్యా. గోడ నిలబడాలని. నువ్వు తిడతావని చెప్పలా. టైలు తీసినావా అంటివి గానీ, బిళ్ల పెట్టినావా అని అడగలేదు గదా."

వాడిని కొట్టాలనిపించింది, నవ్వూ వచ్చింది. ముందు చేయాల్సింది వేరే ఉంది. మధ్యాహ్నం గోడ చూడ్డానికి మామా వస్తానని చెప్పింది. లోర్నా అడ్డు తప్పుకుంది. అతుకు సరిగా పట్టలేదు కాబట్టి, సన్నటి రేకును అంచు వెంబడి ఆడిస్తే టైల్ చిట్లకుండా చేతిలోకి వచ్చింది. వెనుక ఎర్రగుడ్డలో చుట్టిన వాళ్ల నాణేలు, పక్కన పచ్చని రూపాయి బిళ్ల. అన్నింటినీ అరచేతిలో పోసుకుని, ఎక్కడ దాచాలా అని అటూ ఇటూ చూస్తున్నాను.

"షునూ హాదా?" అని గుమ్మంలోంచి వినిపించింది. ఇదేమిటి అని. మామా చెప్పిన వేళకంటే ముందే వచ్చింది.

ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో, చేతికర్రతో, నెమ్మదిగా నా ముందుకు వచ్చి నిలబడింది. ఎర్రగుడ్డ చూసింది. పసుపు చూసింది. గోడలో టైల్ ఊడిన చోటు చూసింది. ఆమె పెదవులు సిహర్ అనే మాట దగ్గరికి రావడం నాకు కనిపించింది.

"నావి మామా" అంది లోర్నా. "అన్నీ నావే. మా ఊరి ఆచారం. వీళ్లను పెట్టమని నేనే చెప్పాను. వీళ్లకేమీ తెలియదు."

మామా పచ్చని బిళ్లను ఎత్తి వాసన చూసింది. "కుర్కుమ్" అంది. పసుపు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని బిళ్లను వెలుతురుకు తిప్పింది. "లోర్నా, మీ బాయిస్‌లో రూపాయి చెల్లుతుందా?"

అరబ్బీ అంతంతమాత్రంగా వచ్చిన ఓబులేసుకు రూపాయి అన్న ముక్క మాత్రం అర్థమైనట్టుంది. ముందుకు వచ్చి చెయ్యెత్తాడు. "నాది మామా."

"ఎందుకు?" అని ఆమె నన్ను అడిగింది.

"మా దగ్గర కూడా గోడ మొదలుపెడితే నాణెం పెడతాం మామా, గోడ నిలబడాలని. ఆమెకు మా సంగతి తెలియదు, మాకు ఆమె సంగతి తెలియదు. ఒకరిని చూసి ఒకరం భయపడి తీస్తున్నాం." అంతకుమించి తెలివైన మాట నాకు దొరకలేదు.

మామా నాణేలన్నీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. కొళాయి తిప్పి, పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకుంటూ, ఒక్కోదాన్నీ వేళ్లతో రుద్ది కడిగింది. గుడ్డను చెత్తడబ్బాలో పడేసింది. తిరిగివచ్చి ఎవరివి వాళ్ల చేతిలో పెట్టింది.

"దాస్తే సిహర్. చేతిలో ఉంటే పైసలే" అంది. "నా గోడలో ఏమీ ఉండకూడదు. ఖలాస్." తర్వాత గోడ వైపు చేతికర్ర చూపించి, పైన మిగిలిన సముద్రం ఎప్పటికి పూర్తవుతుందని అడిగింది. రేపటికి అన్నాను. యల్లా, ఇక కానివ్వండి, అని వెళ్లిపోయింది.

కారు కదిలిన చప్పుడు విన్నాక ఓబులేసు కొత్తగా జిగురు కలిపాడు. మూల టైల్‌ను నిండుగా పూసి, ఏమీ పెట్టకుండా, నా చేతులతో నేనే అతికించాను. నిండుగా పలికింది. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ లోర్నాను అడిగాను. పొద్దుటిదాకా మమ్మల్ని చేతబడి చేసేవాళ్లనుకున్నావు కదా, ఆ రూపాయి వీళ్లదని ఒక్క మాట చెబితే నువ్వు ఒడ్డున పడేదానివి, ఎందుకు చెప్పలేదు అని.

ఆమె తడి స్పాంజితో డాల్ఫిన్ల మీది మరకలు తుడుస్తోంది. "మామా నన్ను తిడుతుంది. మిమ్మల్ని పంపించేస్తుంది. అదే తేడా."

"మరి నిన్నే పంపించేస్తే?"

"నాకూ అదే అనుమానం వచ్చింది కుయా. కానీ అప్పటికే నోట్లోంచి మాట వచ్చేసింది." కొంచెం ఆగి ఓబులేసు వైపు చూపిస్తూ అడిగింది. "ఇంతకీ ఆయన పేరేమిటి?"

ఈ పని నాకు చాలా నేర్పింది. అనుమానం పూర్తిగా తీరాకే మనిషి పక్కన నిలబడాలని నేను అనుకునేవాణ్ని. అందుకే ఇన్నేళ్లలో నేను ఎవరి పక్కనా సరిగ్గా నిలబడలేదు. పేరు కూడా తెలియని ఒక పనివాడి కోసం, అనుమానం గుండెల్లో అలాగే ఉండగా, ఆమె తన ఇన్నేళ్ల బతుకును మామా ముందు పెట్టేసింది. అలా కూడా నిలబడొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.